ఫోర్ట్ కొచ్చిలో ఇద్దరూ తీరిగ్గా గడపాలంటే

కేరళ అనగానే చాలా జంటలు మున్నార్, అలెప్పీ, కొచ్చి మూడూ ఒకే ట్రిప్పులో కుక్కేస్తారు, సగం సెలవు కార్లోనే అయిపోతుంది. ఈసారి మున్నార్, అలెప్పీ మానేసి కొచ్చిలోని పాత భాగమైన ఒక్క ఫోర్ట్ కొచ్చిలోనే మూడు రాత్రులు ఉండండి. నడిచి తిరిగేంత చిన్న ఊరు, అయినా చూసేవి బోలెడు.

టికెట్లు తీసే ముందు వారాలు చూసుకోండి. పక్కనే ఉన్న మట్టంచేరి ప్యాలెస్‌కి శుక్రవారం సెలవు, అక్కడే 1568లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరంలోకి శనివారం పోనివ్వరు. అంటే అందరూ వెళ్లే వీకెండే దీనికి పనికిరాదు, ఆదివారం దిగి బుధవారం తిరుగు ప్రయాణం పెట్టుకుంటే సరిపోతుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది, జూన్‌లో వానలు మొదలైతే నడక కష్టం.

బస మాత్రం నీళ్లకి అవతల ఉన్న ఎర్నాకుళంలో వద్దు. ఫోర్ట్ కొచ్చిలోనే పాత ఇళ్లలో నడిపే హోమ్‌స్టే చూడండి, వరండా ఉందో లేదో అడిగి మరీ తీసుకోండి, ఎందుకంటే ఆ నెలల్లో కూడా పదకొండు నుంచి నాలుగు దాకా ఎండకీ ఉక్కకీ బయట తిరగలేరు, ఆ టైమంతా అక్కడే కబుర్లతో గడిచిపోతుంది. ప్లాన్‌లో ఆ ఖాళీని ముందే రాసుకోండి, లేకపోతే ఏదో ఒకటి వచ్చి దూరుతుంది.

పొద్దున్నే లేచి చేపలు పట్టే చీనా వలల దగ్గరికి వెళ్లండి. పెద్ద పెద్ద రాళ్లు బరువుగా కట్టిన తాళ్లను నలుగురైదుగురు కలిసి లాగుతుంటే వల నీళ్లలోంచి మెల్లగా పైకొస్తుంది. అక్కణ్ణుంచి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చికి నడకే. వాస్కో డ గామాని 1524లో పాతిపెట్టింది ఇక్కడే, తర్వాత అవశేషాలను పోర్చుగల్‌కి తీసుకెళ్లిపోయినా సమాధి రాయి ఇంకా ఉంది. మట్టంచేరిని మరుసటి రోజుకి ఉంచుకోండి, ప్యాలెస్ గోడల మీద రామాయణం బొమ్మలు మనకు తెలిసిన కథే కాబట్టి ఎవరెవరో గుర్తుపడుతూ నింపాదిగా చూడొచ్చు.

ఒక సాయంత్రం కథకళికి. ఆట మొదలయ్యాక వెళ్తే అసలైనది పోయినట్టే, మేకప్ టైమ్ కనుక్కుని ఆ వేళకే కూర్చోండి. ముఖానికి ఆకుపచ్చ రంగు పూసుకుని, బియ్యప్పిండి ముద్దతో దవడ చుట్టూ తెల్లటి అంచు కట్టించుకుంటూ మనిషి కాస్తా పాత్రగా మారిపోవడం కళ్ల ముందే కనిపిస్తుంది. నాకైతే ఆటకంటే అదే ఎక్కువ నచ్చుతుంది.

ఇంకో సాయంత్రం ఎర్నాకుళంలోని హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో పడవ ఎక్కి ఊరికే అటూ ఇటూ తిరిగి రండి. రోజుకి చూసేవాటిలో ఒకటి ఒకరు, ఇంకొకటి మరొకరు ఎంచుకోండి, మూడోది పెట్టొద్దు. చివరి రోజు మాత్రం కాస్త ముందే బయల్దేరండి, ఎయిర్‌పోర్ట్ నెడుంబాశ్శేరిలో ఉంది, దాదాపు నలభై కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టినా పట్టొచ్చు.