కర్నెల్ డాక్యుమెంటేషన్, పాఠం 5: వార్నింగ్ పోయింది, తప్పు పోలేదు

ఈ వారం కొత్త డాక్యుమెంట్ ఒకటి మొదటి నుంచి రాయాల్సింది. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం హోంవర్క్‌గా మీరు పంపిన ప్యాచ్‌లు (కోడ్‌లో మార్పులు చూపే ఫైళ్లు) చూశాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు. లినక్స్ కర్నెల్ సోర్స్‌లో 'మేక్ హెచ్‌టీఎంఎల్‌డాక్స్' (డాక్యుమెంట్లను వెబ్ పేజీలుగా బిల్డ్ చేసే కమాండ్) నడిపి, వచ్చిన వార్నింగుల్లో ఏదో ఒకటి సరిచేయమన్నాను కదా. ఎక్కువమంది వార్నింగును మాయం చేశారు. సరిచేసినవాళ్లు తక్కువ.

ముందు చిన్న చిన్న ఫిర్యాదులు. బిల్డ్ ఎంతకీ అవడం లేదని, ల్యాప్‌టాప్ కాలిపోతోందని రాశారు. పుస్తకం మొత్తం బిల్డ్ చేయనక్కర్లేదు. 'స్ఫింక్స్‌డిర్స్' వేరియబుల్‌కి ఫోల్డర్ పేరు ఇవ్వండి, అదొక్కటే బిల్డ్ అవుతుంది. నేనైతే హెచ్‌టీఎంఎల్ జోలికి చివర్లో తప్ప వెళ్లను. సీ ఫైల్లో కామెంట్ మారిస్తే ఆ ఫైల్‌ను 'డబ్ల్యూ=1' పెట్టి కంపైల్ చేస్తాను. సీ ఫైళ్లలోని కామెంట్లను చదివి డాక్యుమెంటేషన్‌గా మార్చే కర్నెల్-డాక్ తనిఖీ కూడా అందులోనే అయిపోతుంది. శీర్షిక కింద గీత పొట్టిగా ఉందన్న వార్నింగ్ గురించి అడిగినవాళ్లు గీత పొడిగించండి, అంతే. కొత్త ఫైల్ ఏ విషయసూచికలోనూ లేదని వస్తే ఆ ఫోల్డర్‌లోని ఇండెక్స్ ఫైల్లో దాని పేరు చేర్చండి. పాఠంలో కమాండ్లు, పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్‌లోనే చేయండి.

ఇక నాకు తిక్క రేపిన సంగతికి వద్దాం.

సీ ఫైల్లో /* తో మొదలయ్యేది మామూలు కామెంట్. /** తో మొదలైతే కర్నెల్-డాక్ దాన్ని డాక్యుమెంటేషన్‌గా చదువుతుంది. మొదటి వరుసలో ఫంక్షన్ పేరు, బ్రాకెట్లు, చిన్న గీత, ఒక వాక్యంలో పని ఉండాలి. తరువాత ఒక్కో పారామీటర్‌కి @ గుర్తుతో ఒక వరుస. ఈ పద్ధతి తప్పితే వార్నింగ్ వస్తుంది. మీలో చాలామంది ఏం చేశారంటే, ఒక స్టార్ తీసేశారు. వార్నింగ్ టక్కున ఆగిపోయింది. 'ఫిక్స్ కర్నెల్-డాక్ వార్నింగ్' అని శీర్షిక పెట్టి పంపేశారు. మీటరుకు వచ్చే తీగ పీకేసి కరెంటు బిల్లు తగ్గిందన్నట్టుంది ఇది.

స్టార్ తీయడం ఎప్పుడూ తప్పని అనడం లేదు. లైసెన్స్ వివరాలకో, ఫైల్ పైభాగంలో ఎవరో రాసుకున్న మామూలు మాటలకో పొరపాటున /** పెట్టి ఉంటే తీసేయడమే సరైన పని. కానీ లోపల @ వరుసలు కనబడుతుంటే అది డాక్యుమెంటేషన్ కోసమే రాసిన కామెంట్. ఎవరో కష్టపడి రాశారు, ఎక్కడో చిన్న గీత మరిచిపోయారు. మీరు చేయాల్సింది ఆ గీత పెట్టడం.

స్టార్ తీసేస్తే నష్టమేంటని ఒకరు అడిగారు. డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లోని ఆర్ఎస్‌టీ ఫైళ్లు (పేజీల మూలపాఠం ఇవే) 'కర్నెల్-డాక్' అనే డైరెక్టివ్‌తో, అంటే ఒక ఆదేశంతో, సీ ఫైళ్లలోని కామెంట్లను లాక్కుంటాయి. అక్కడ ఫంక్షన్ పేరు విడిగా ఇచ్చి ఉంటే, అది దొరకలేదని కొత్త వార్నింగ్ వస్తుంది. అప్పుడు కనీసం దొరికిపోతారు. కానీ చాలాచోట్ల 'ఎక్స్‌పోర్ట్' ఆప్షన్ వాడతారు. అంటే ఎక్స్‌పోర్ట్ చేసిన (మాడ్యూళ్లు కూడా పిలవగలిగే) ఫంక్షన్లలో వేటికి డాక్యుమెంటేషన్ ఉంటే వాటినే తెమ్మని. మీరు స్టార్ తీసిన ఫంక్షన్ ఆ జాబితాలోంచి చప్పుడు చేయకుండా జారిపోతుంది. వార్నింగ్ రాదు, పేజీలో ఖాళీ కూడా కనబడదు. రేపు డ్రైవర్ రాసే మనిషి ఆ పేజీ తెరిస్తే అసలలాంటి ఫంక్షన్ ఉందనే తెలియదు.

దీనికి తమ్ముడి లాంటి వార్నింగ్ ఇంకొకటుంది. కామెంట్‌లో ఒక పేరు, కింద ఫంక్షన్‌కి ఇంకో పేరు. ఎవరో ఫంక్షన్ పేరు మార్చారు, కామెంట్ మార్చలేదు. మీరు కామెంట్‌లో పేరు మార్చి చేతులు దులుపుకున్నారు. పేరు ఎందుకు మారిందో చూశారా? కర్నెల్‌లో పేరు చివర 'లాక్డ్' చేరిందంటే తరచూ దాని అర్థం, ఇకపై లాక్ (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టకుండా ఆపేది) పట్టుకోవడం పిలిచేవాడి బాధ్యత అని. పాత కామెంట్‌లో 'లాక్ లోపలే తీసుకుంటుంది' అన్న వాక్యం అలాగే ఉంటే, మీరు పేరు సరిచేసి ఒక అబద్ధానికి కొత్త చొక్కా తొడిగినట్టే.

దీనికి మందు, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోనే ఉంది. అందరూ బ్లేమ్ వాడతారు. నాకు అది నచ్చదు, వరుస ఎవరిదో చెప్పి ఊరుకుంటుంది. గిట్ లాగ్‌కి పెద్ద ఎల్ ఆప్షన్‌తో ఫంక్షన్ పేరు, ఫైల్ పేరు ఇవ్వండి. ఆ ఫంక్షన్ ఎప్పుడెప్పుడు ఎలా మారిందో వరుసగా వస్తుంది. కోడ్ మారి కామెంట్ మారని కమిట్ (గిట్‌లో నమోదైన ఒక మార్పు) అందులో కనబడుతుంది. మీ ప్యాచ్‌లో 'ఫిక్సెస్' ట్యాగ్ (తప్పు ఏ కమిట్‌తో వచ్చిందో చెప్పే వరుస) పెట్టాల్సింది దానికే, హ్యాష్‌లో, అంటే కమిట్ గుర్తింపు సంఖ్యలో, మొదటి 12 అక్షరాలు, ఆ కమిట్ శీర్షికతో సహా. గిట్ చరిత్ర 2005లో 2.6.12-ఆర్‌సీ2 దగ్గర మొదలవుతుంది. దానికి ముందు నుంచీ ఉన్న కోడ్ అయితే ట్యాగ్ సంగతి వదిలేయండి.

రెండో రకం మాయ: '@టైమౌట్: టైమౌట్', '@డెవ్: డివైస్'. పారామీటర్ వివరించలేదని వార్నింగ్ వస్తే పేరునే మళ్లీ రాసేశారు. ఆ వరుస వల్ల ఎవరికీ కొత్తగా తెలిసిందేమీ లేదు. పైగా రేపు ఎవరైనా నిజంగా వివరిద్దామని వెతికితే, ఇక్కడ పనైపోయిందని కర్నెల్-డాక్ చెబుతుంది. ఇలా చేయడం కంటే వార్నింగును ఉండనివ్వడమే మంచిది. కర్నెల్ సోర్స్‌లోనే 'డాక్-గైడ్' అని ఒక ఫోల్డర్ ఉంది. వార్నింగ్ పోవడం ఒక్కటే చాలదు, లోపల సమస్య తీరాలని అందులోనూ రాసి ఉంది.

మరి ఏం రాయాలి? టైమౌట్‌నే తీసుకుందాం. ఏ కొలతలో? మిల్లీసెకన్లా, జిఫీలా? జిఫీ అంటే కర్నెల్ గడియారంలో ఒక టిక్కు, హెచ్‌జెడ్ అంటే సెకనుకు ఎన్ని టిక్కులో. హెచ్‌జెడ్ విలువ 250 ఉన్న కర్నెల్‌లో ఒక జిఫీ అంటే 4 మిల్లీసెకన్లు, కాబట్టి 100 అని ఇస్తే 400 మిల్లీసెకన్లు ఆగుతుంది. హెచ్‌జెడ్ 1000 అయితే 100 మిల్లీసెకన్లే. హెచ్‌జెడ్ 100 అయితే పూర్తిగా ఒక సెకను. ఇది చదివేవాడికి తెలియాలి. 'టైమౌట్ విలువ, జిఫీలలో' అంటే చాలు.

రిటర్న్ విలువ దగ్గర ఇంకా ఘోరం. 'విజయమైతే 0, లేకపోతే నెగటివ్ ఎర్రర్' అన్న వాక్యాన్ని కనబడిన ప్రతిచోటా అతికించారు. ఒకరు వివరించిన డ్రైవర్ ఫంక్షన్ లోపల 'వెయిట్_ఫర్_కంప్లీషన్_టైమౌట్()'ని పిలిచి, దాని ఫలితాన్నే తిరిగి ఇస్తోంది. అది టైమ్ అయిపోతే 0 ఇస్తుంది, పని పూర్తయితే 1 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఇస్తుంది. అంటే 0 ఇక్కడ ఓటమి. నెగటివ్ అసలు రాదు, ఎందుకంటే దాని రిటర్న్ టైప్ అన్‌సైన్డ్. 'ఇంటరప్టిబుల్' అని పేరులో ఉన్న దాని జోడీ మాత్రం నెగటివ్ కూడా ఇస్తుంది. మీ వాక్యం నమ్మినవాడు 0 వచ్చిందని సంతోషించి, రాని డేటాను చదువుతాడు. యూజర్ ప్రోగ్రామ్ మెమరీ నుంచి డేటా తెచ్చే 'కాపీ_ఫ్రమ్_యూజర్()' కూడా ఇలాంటిదే. కాపీ కాకుండా మిగిలిన బైట్ల సంఖ్య ఇస్తుంది. దాన్ని -14గా, అంటే ఈఫాల్ట్ (చెల్లని మెమరీ చిరునామా) అనే ఎర్రర్‌గా మార్చేది సాధారణంగా పిలిచేవాడే. కంప్లీషన్ ఫంక్షన్ల అసలు కామెంట్లు 'షెడ్' ఫోల్డర్‌లోని కంప్లీషన్ ఫైల్లో ఉన్నాయి. రిటర్న్ వాక్యం ఎలా ఉండాలో అక్కడ చూడండి.

ఒక్కో విలువను ఒక్కో వరుసలో అందంగా రాసినా పేజీలో అన్నీ కలిసిపోయి ఒకే పేరాగా వస్తాయి. విలువలు రెండుకు మించితే చుక్కల జాబితాగా రాయండి. నిద్రపోయే అవకాశం ఉన్న ఫంక్షన్ అయితే 'కాంటెక్స్ట్' అనే వరుసలో ఆ మాట చెప్పండి. ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలుపుకు స్పందించే కోడ్, అందులో నిద్రపోకూడదు) లోంచి పిలవచ్చా లేదా అన్నది చదివేవాడికి మొట్టమొదట కావాల్సిన సమాచారం.

పాత డాక్యుమెంట్ల గురించి కొందరు అడిగారు, క్లుప్తంగా చెబుతాను. 2.4 కర్నెల్ ప్రస్తావన, లైలో బూట్‌లోడర్, బిగ్ కర్నెల్ లాక్ కనబడితే అనుమానించండి. ఆ లాక్ 2011లో 2.6.39తో పూర్తిగా పోయింది. అలాంటి పేజీలో స్పెల్లింగులు దిద్దకండి. అది చూసి పేజీకి ఇంకా దిక్కు ఉందనుకుంటారు. వీలైతే ఆ విభాగం తెలిసినవాళ్ల సాయంతో మార్చండి, లేదా తీసేద్దామని ప్రతిపాదించండి. కోడ్ తీసేసినప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి. రైజర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ 6.13లో, ఐటేనియం ప్రాసెసర్ కోడ్ 6.7లో వెళ్లిపోయాయి. ఇలాంటివి పోయినప్పుడు బూట్ పారామీటర్ల జాబితాలోనో, వేరే పేజీల్లోనో వాటి తోకలు మిగులుతాయి. లేని ఫైళ్లను చూపించే ప్రస్తావనలను 'మేక్ రెఫ్‌చెక్‌డాక్స్' పట్టిస్తుంది. లేని ఫీచర్ గురించి రాసిన వాక్యాలను పట్టించే కమాండ్ లేదు, మీరే చదవాలి.

హోంవర్క్. ఈసారి వార్నింగే రాని ఫైల్ తీసుకోండి. 'లిబ్' ఫోల్డర్‌లోనో, మీకు తెలిసిన డ్రైవర్‌లోనో /** కామెంట్లున్న ఫంక్షన్లు మూడు ఎంచుకోండి. ప్రతి రిటర్న్ దారినీ వేలు పెట్టి చదవండి, పిలిచేవాళ్లు ఆ విలువను ఏం చేస్తున్నారో చూడండి, లాగ్‌లో చరిత్ర చూడండి. కామెంట్‌లో కోడ్‌తో సరిపడని మాట ఒకటైనా దొరికేదాకా ఫంక్షన్లు మారుస్తూ పోండి. ఒక సాయంత్రంలో అయ్యే పని కాదు, తొందరలేదు. దొరికాక ప్యాచ్ రాయండి. కమిట్ మెసేజ్‌లో 'వార్నింగ్' అన్న మాట ఉండకూడదు. పాత కామెంట్ ఏం చెబుతోంది, కోడ్ ఏం చేస్తోంది, ఎప్పటి నుంచి తేడా వచ్చింది, ఈ మూడే ఉండాలి. 'చెక్‌ప్యాచ్' (ప్యాచ్ రూపాన్ని తనిఖీ చేసే స్క్రిప్ట్) నడిపి, 'గెట్_మెయింటెయినర్' (ప్యాచ్ ఎవరికి పంపాలో చెప్పే స్క్రిప్ట్) ఎవరి పేర్లు ఇస్తుందో చూసి, ఆ జాబితాతో సహా ముందు నాకు పంపండి.