ఉదయగిరి కొండల పక్కన గ్రావెల్ సైకిల్ రూట్ ఎలా వేసుకోవాలి?

చలికాలం రాగానే గ్రావెల్ రైడ్ల గోల, అంటే మట్టి, కంకర దారుల్లో సైకిలు తొక్కే గోల, మొదలవుద్ది. ఎవరో ఒకరు ఫోన్లో యాప్ తెరిచి మన నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర ఒక చుక్క, ఉదయగిరి దగ్గర ఇంకో చుక్క పెట్టి, మధ్యలో అది గీసిన గీతని గ్రూపులో పడేసి "ఆదివారం గ్రావెల్ రైడ్, ఎవరెవరు వస్తున్నారు" అంటారు. పొలోమని అందరూ సరే అంటారు. ఆదివారం పదకొండింటికి చూస్తే అంతా ఎవరిదో నిమ్మతోట కంచె ముందర నిలబడి, నీళ్ళైపోయి, సగం మంది పంక్చర్లు వేసుకుంటా ఉంటారు. పైగా "మన వైపు రోడ్లే బాలేవు" అని తీర్పొకటి. రోడ్లు బ్రహ్మాండంగా ఉన్నయ్. రూట్ వెయ్యడమే ఎవరికీ ఓపిక లేదు.

సైకిలు సంగతి తొందరగా తేల్చేద్దాం. ఇట్టాంటి దారుల కోసమే చేసిన గ్రావెల్ బైక్ ఉంటే మంచిదే, లేకపోతే 40 మిల్లీమీటర్ల టైరు పట్టే సైకిలు ఏదైనా చాలు. ముందర సస్పెన్షన్ ఉన్న ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, కావాలనే వాళ్ళు తెచ్చుకోండి, నేనైతే వద్దనే అంటా, మన దారుల్లో సగం తారు, సగం గ్రావెల్, ఆ బరువు ఊరికే మొయ్యడం ఎందుకు. ట్యూబ్‌లెస్ మాత్రం తప్పనిసరి, దీంట్లో చర్చ లేదు. పల్లేరు కాయ ఎట్టా పడ్డా ఒక ముల్లు పైకే చూస్తా ఉంటది, తుమ్మ కంప సంగతి చెప్పక్కర్లా, ఇక రాపూరు, పొదలకూరు వైపు నిమ్మతోటల వాళ్ళు కత్తిరించిన కొమ్మలు తెచ్చి డొంకలోనే పోస్తారు, ఎండిన నిమ్మ ముల్లు ట్యూబుని వదిలిపెట్టదు. చిల్లు పడితే పూడ్చడానికి లోపల పోసే సీలెంట్ మన ఎండలకి తొందరగా ఎండిపోద్ది, రెండు నెలలకోసారి టైరు విప్పి చూసి మళ్ళీ పోసుకోండి. గాలి 70 కిలోల మనిషికి ముందు టైరులో 30, వెనక 33 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి రెండేసి పాయింట్లు అటూ ఇటూ చేసి చూసుకోండి. 50, 60 కొట్టించుకొని వచ్చి చేతులు నొప్పులు అంటే నేనేం చెయ్యలేను. నీళ్ళు రెండు బాటిళ్ళు కాక వీపు మీద ఇంకో లీటరు.

కాలం డిసెంబర్ సగం నుంచి ఫిబ్రవరి సగం దాకా, అంతే. మన జిల్లాల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతయ్. అవి ఆగినాక కొన్నాళ్ళు చెరువులు నిండుగా, దారి గట్టిగా, దుమ్ము తక్కువగా ఉంటది. ఒంగోలు, అద్దంకి వైపు నల్లరేగడిలో వాన పడ్డ వారంలో దిగితే ఆ బంక టైరుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కొని చక్రమే తిరగదు, సైకిలు మిమ్మల్ని మోసేది పోయి మీరే దాన్ని మొయ్యాల. కొండల పక్కన ఎర్ర నేల అట్టా కాదు, రెండు రోజులు ఎండ కాస్తే చాలు. అందుకే నేనెప్పుడూ పడమర వైపే చూస్తా.

పడమర అంటే వెలిగొండలు. ఉత్తరం నుంచి దక్షిణానికి గోడ కట్టినట్టు ఉంటయ్, తెల్లారి నెల్లూరు వైపు నుంచి బయల్దేరితే ఎండ వీపు మీద పడతది, కొండ మొత్తం వెలుగులో ఎదురుగా కనపడతది. వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి వైపు ఒక లూప్ వేసుకోవచ్చు. అనంతసాగరం చెరువు నుంచి సోమశిల దాకా, అంటే పెన్న కొండల్ని కోసుకొని బయటకొచ్చే చోటి దాకా ఇంకొకటి. పాత ప్రకాశం జిల్లా వైపైతే పామూరు, సీఎస్ పురం మీదుగా భైరవకోన, కొండరాయిలో తొలిచిన 8 గుళ్ళు, వానాకాలం అయిపోయిన కొత్తల్లో పోతే పక్కన జలపాతం కూడా. కొండల నడుమ చెరువు చూడాలంటే కంభం. మొదటిసారి వేసేవాళ్ళు 45, 50 కిలోమీటర్లు దాటొద్దు, గంటకి 12 చొప్పున లెక్కేసుకోండి, తారు మీద మీ స్పీడు ఇక్కడ పనికిరాదు.

ఇంట్లో కూర్చొని గీత గియ్యడం అరగంట పని. యాప్‌ని నమ్మకుండా శాటిలైట్ బొమ్మ మీద మీరే గియ్యండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు కూడా చూపిస్తది, ఒకే దారిని మూడు నాలుగేళ్ళవి చూడండి, అన్నిట్లోనూ తెల్లగా కనపడితే జనం తిరిగే దారి, ఒక ఏడాది కనపడి తర్వాత మాసిపోతే వదిలెయ్యండి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ 1:50,000 టోపోషీట్ (వివరంగా గీసిన నేల మ్యాపు) పక్కన పెట్టుకోండి, బండ్ల బాటలూ రిజర్వ్ ఫారెస్ట్ హద్దులూ దాంట్లో విడివిడిగా ఉంటయ్. చెరువు కట్టలు, కాలువ కట్టలు, ఊరి నుంచి ఊరికి పోయే డొంకలు, వీటిని కలుపుకుంటా పోతే రూట్ వస్తది. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. ఇక్కడే ఆపేసి రూట్ అయిపోయిందనుకుంటారు, అసలు పని ఇప్పుడు మొదలు.

గీసిన గీతని నేల మీద చూసుకోవాల. దీన్ని ఎగ్గొడతారనే ఇదంతా రాస్తున్నా. ఇటలీలో టస్కనీ వైపు కియాంటీ అని ద్రాక్షతోటల కొండలున్నయ్, అక్కడి తెల్ల మట్టి రోడ్లన్నీ తారు కింద పోతున్నాయని 1997లో గయోలే అనే ఊరి నుంచి పాత సైకిళ్ళతో లెరోయికా అని రైడ్ మొదలుపెట్టారు, ఇప్పుడు ఆ రూటుకి దారి పొడుగూతా బోర్డులే ఉంటయ్. 2022లో గ్రావెల్ మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా ఇటలీలోనే, వెనెటోలో పెట్టారు. అక్కడ ఫోన్ చూసుకుంటా పోయినా ఇబ్బంది లేదు. ఆ వీడియోలు చూసి ఇక్కడా అట్టే పోతాం అంటే కుదరదు. మన దారి పోయిన సంక్రాంతికి గ్రావెల్, ఈ సంక్రాంతికి సిమెంటు రోడ్డు అయ్యుండొచ్చు, లేదా ఎవరో బత్తాయి పెట్టి కంచె వేసుండొచ్చు. రైడ్‌కి ముందు నెలలోపల ఒకసారి మోటారు సైకిల్ మీదో, ఇద్దరు కలిసి సైకిళ్ళ మీదో గీత మొత్తం తిరిగి రావాల్సిందే. నెల దాటితే ఆ చూసింది లెక్కలోకి రాదు.

చూడాల్సింది ఏందంటే, ముందు నేల. ట్రాక్టరు చాళ్ళు రెండూ నున్నగా ఉండి మధ్యలో గడ్డి ఉంటే మంచి దారి, రోజూ బండి తిరుగుతుందని అర్థం. చాళ్ళలో కూడా గడ్డి మొలిచి రెండు పక్కల కంప చేతులకి తగులుతుంటే అది ముందర ఎక్కడో మూసుకుపోయింది, ఇంకో అర కిలోమీటరు పోయి చూద్దాం అనుకోవద్దు, తిరగండి. కొత్తగా గ్రావెల్ తోలి రోలర్ తిప్పని రోడ్డైతే చూడ్డానికి ఎర్రగా అందంగా ఉంటది, టైరు మాత్రం రెండంగుళాలు దిగిపోద్ది, దాని మీద ఒక వాన పడేదాకా ఆ ముక్కని పక్కన పెట్టండి. వాగులు దాటే చోట చప్టా ఉందా, ఇసకేనా చూడండి. ఇసకైతే నడిపించుకొని పోవాలని రాసుకోండి, పౌరుషానికి పోయి తొక్కేవాళ్ళు మధ్యలో పడతారు.

రెండోది మనుషుల్ని అడగడం, అదెట్టా అడగాలో ఒక్కరికీ తెలియదు. "ఈ దారి ఉదయగిరికి పోద్దా" అంటే మన ఊళ్ళల్లో కాదనేవాడు లేడు, దాహానికి నీళ్ళిచ్చినంత సులువుగా "పోద్ది" అంటాడు. అడగాల్సింది బండి గురించి, వాగు గురించి. గొర్రెల కాపర్లు దొరికితే ఇంకెవర్నీ అడగక్కర్లా, ఆ పొడుగు కాళ్ళ నెల్లూరు గొర్రెల్ని తోలుకొని వాళ్ళు తిరగని డొంక ఉండదు.

"పెద్దాయనా, ఈ డొంకలో ట్రాక్టర్ పోద్దా?"
"ఎందుకు పోదు నాయనా. ఆ చింతచెట్టు కాడి దాకా పోద్ది."
"ఆపైన?"
"ఆపైన గట్టు తెగింది గదా, మేం దిగి పోతాం. నువ్వు ఈ ఇనప సైకిలు ఏసుకొని యాడికి పోతావు?"

చూశారా, మొదటి జవాబు విని వెళ్ళిపోయుంటే గట్టు దగ్గర ఇరుక్కుపోయేవాళ్ళు. "ఆపైన?" అని రెండోసారి అడగాల. దూరం మాత్రం ఎవర్నీ అడగొద్దు, "ఇంతే, దగ్గరే" అంటారు, ఆ దగ్గర మూడు కిలోమీటర్లు కావచ్చు, తొమ్మిదీ కావచ్చు. మలుపు మలుపుకీ వేరే మనిషిని అడగండి, ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానికి కలవకపోతే అక్కడ దిగి నడిచి చూడండి.

మూడోది అడివి హద్దు. దీని గురించి గట్టిగా చెప్తున్నా, ఏమనుకోవద్దు. రిజర్వ్ ఫారెస్టులోకి పర్మిషన్ లేకుండా పోవద్దు. హద్దుల్లో సున్నం కొట్టిన రాళ్ళో, కందకమో, బోర్డో ఉంటది, ఫోన్లో గీత లోపలికి చూపిస్తుందని మీరు కూడా లోపలికి దూరొద్దు. రాపూరు, పెంచలకోన వైపు, ఉదయగిరి వైపు ఎర్రచందనం ఉన్న అడవులు, తెల్లారకముందు తలకి లైటు, వీపుకి బ్యాగు పెట్టుకొని అడివి బాటలో కనపడితే సైక్లిస్టు అని ముందుగా ఎవరూ అనుకోరు. పెంచలకోన దగ్గర అభయారణ్యం, అటు దోర్నాల, మార్కాపురం వైపు నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, అక్కడ నియమాలు ఇంకా గట్టివి. రేంజ్ ఆఫీసుకి పోయి అడగండి, ఇస్తే పోండి, లేకపోతే లేదు. నన్నడిగితే ఆ గొడవే వద్దు, కొండ ఎప్పుడూ ఒక పక్కన కనపడాలి గానీ దాంట్లోకి దూరకూడదు. అడివి అంచుల్లో ఊరికీ ఊరికీ మధ్య పోయే దారులే తొక్కడానికి బాగుంటయ్, నీడా ఉంటది, ఊరూ దగ్గరే. "అడివిలో దూరితేనే అసలు మజా" అనేవాళ్ళు ఎలుగుబంటి ఎదురైతే సైకిలు ఎక్కడ పారేస్తారో చెప్పమనండి. రేగుపళ్ళు, సీతాఫలాలు పండే రోజుల్లో అవి పొలాల దాకా దిగుతయ్, పొద్దు పొడిచేటప్పుడు, పొద్దుగూకేటప్పుడు ఆ వైపు ఒంటరిగా తిరగొద్దు.

వీటన్నిటికంటే భయపడాల్సింది ఇంకొకటుంది, కరెంటు తీగ. అడివిపందుల కోసం కొందరు చేల చుట్టూ చిన్న గుంజలు పాతి, మోకాలి కింద ఎత్తులో సన్న జీఐ (ఇనప) వైరు లాగి రాత్రిపూట లైను నుంచి నేరుగా కరెంటు ఇస్తారు. తప్పే, నేరం కూడా, అయినా చేస్తారు. సోలార్ కంచె దెబ్బ కొట్టి వదిలేస్తది, ఇది వదలదు. చీకట్లో హెడ్‌లైట్‌కి ఆ వైరు ఆనదు. అందుకని నా రూల్ ఒకటే, మొదటి గంటంతా తారు రోడ్డు మీదే ఉండాల, చేల గట్లమీదికీ డొంకల్లోకీ బాగా తెల్లారినాకే దిగాల. రూట్ వేసేటప్పుడే మొదటి 15 కిలోమీటర్లు తారు పెట్టుకుంటే ఈ బాధే ఉండదు. చూడ్డానికి పోయినప్పుడు గుంజలు, వాటికి వైరు తగిలించడానికి పెట్టిన సీసా మూతులు, చుట్టిన వైరు ఎక్కడ కనపడినా ఆ ముక్క రూట్లోంచి తీసెయ్యండి, "పొద్దున ఆపేస్తార్లే" అనే మాట వినొద్దు.

1514లో ఉదయగిరి కోట రాయల చేతికి రావడానికి ముందు సైన్యం కొండల్లో బండలు పగలగొట్టి దారి చేసుకోవాల్సొచ్చిందని అప్పటి పోర్చుగీసు రాతల్లో ఉంది. మనకి బండలు పగలగొట్టే పనేం లేదు, ఒక పూట తిరిగి చూసొచ్చే పని. దానికే బద్ధకం.

చూసొచ్చాక ఫోన్లో గీత సరిచేసి, నడవాల్సిన చోట్లు, నీళ్ళు దొరికే ఊళ్ళు, వద్దనుకుంటే తారెక్కే మలుపులు, అన్నీ దాని మీదే రాసి జీపీఎక్స్ ఫైలు (రూట్ గీతని దాచుకునే ఫైలు) సేవ్ చేసుకోండి. కొండ పక్కన సిగ్నల్ పోద్ది, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి. ఇంట్లో వాళ్ళకి ఆ ఫైలు, తిరిగొచ్చే టైము చెప్పి పోండి.

రైడ్ రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దిగుడులో పలుగురాళ్ళు గోళీల్లా దొర్లుతయ్, మలుపులోకి పోకముందే బ్రేకు కొట్టెయ్యండి, మలుపులో ముందు బ్రేకు ముట్టుకోవద్దు, పిర్ర వెనక్కి జరపండి, చూపు టైరు మీద కాకుండా పోవాల్సిన చోట పెట్టండి. గొర్రెలు ఎదురొస్తే దిగి నిలబడండి, గంట కొట్టొద్దు, బెదిరితే మంద రెండు ముక్కలై పాపం కాపరికి ఆ పూటంతా పరుగే. తొమ్మిదింటికల్లా ఉదయగిరో, పామూరో చేరితే కారం దోశ, రెండు గ్లాసులు మజ్జిగ తాగి పదిన్నరకల్లా తిరుగు దారి సగం అయిపోవాల. ఇంటికొచ్చాక టైర్లు తడిగుడ్డతో తుడిస్తే దిగబడ్డ ముళ్ళు కనపడతయ్, వాటిని పీకి, ముల్లు పీకిన చోటు కిందకి వచ్చేట్టు తిప్పి, సీలెంట్ అక్కడికి చేరేదాకా కాసేపు వదిలెయ్యండి. దారిలో ఏం మారిందో ఫైల్లో ఆ సాయంత్రమే రాసెయ్యండి.