శాసనంలోని శక సంవత్సరాన్ని క్రీస్తుశకానికి మార్చడం

ఈ పనికి లిపి, ఛందస్సు, ఖగోళం మూడూ తెలియాలి. ముందు అంకె తేల్చుకోండి. శాసనాల్లో అంకెలకు బదులు వాటిని సూచించే మాటలు ఉంటాయి. 'గగన వేద యుగ ఇందు' అని ఉంటే 0, 4, 4, 1. కుడి నుంచి ఎడమకు చదివితే శక 1440. సాగరం దగ్గర జాగ్రత్త: అది 4 కావచ్చు, 7 కావచ్చు.

దాన్ని తేల్చేది సంవత్సరం పేరే. శకానికి 12 కలిపి 60తో భాగించండి. 1452కు శేషం 12, అంటే ప్రభవ నుంచి పన్నెండోది, బహుధాన్య. శేషం 0 వస్తే అక్షయ. శాసనంలోనూ బహుధాన్యే ఉంటే 78 కలపండి: 1518. శాసనంలోని పేరు వరుస సంఖ్య కన్నా శేషం ఒకటి ఎక్కువొస్తే రాసింది వర్తమాన శకం (గడిచిన ఏళ్లు కాక, నడుస్తున్న ఏడాదినీ కలిపిన లెక్క), 77 కలపాలి. మాఘ ఫాల్గుణాలైతే సాధారణంగా ఇంకొకటి కలపాలి. క్రీ.శ. 10వ శతాబ్దానికి ముందటి శాసనాలకు ఈ లెక్కను నమ్మకండి. అప్పటి బార్హస్పత్య చక్రం (గురుగ్రహ గతిని బట్టి వచ్చే 60 ఏళ్ల వరుస) వేరు.

చివరగా తిథి, వారం స్వామికన్ను పిళ్ళై ఎఫిమెరిస్‌లో (పాత తిథులు, వారాలు, తేదీల పట్టికల గ్రంథం) సరిచూడండి. ఎక్కువ తప్పులు ఇక్కడే: 1582కు ముందు తేదీలు పాత జూలియన్ క్యాలెండర్‌లో ఉండాలి, ఇప్పటి గ్రెగోరియన్‌లో వెతికితే 1518లో పది రోజులు తేడా వస్తుంది. గ్రహణం పేర్కొంటే అది ఆ ఊళ్లో కనిపించిందో లేదో కూడా చూడాలి. వారం కలవకపోతే తేదీని బలవంతంగా సర్దకండి, అచ్చుప్రతి పక్కన పెట్టి రాతి నకలు (శాసనంపై కాగితం అద్ది తీసిన అచ్చు) మళ్లీ చదవండి.