వంగిన కోట గోడ, వెడల్పైన పిన్ని

సిరిమానోత్సవానికి వచ్చిన చుట్టాలందరినీ విజయనగరం కోట గోడ ముందు నిలబెట్టి, ఫోనులోని అల్ట్రావైడ్ (ఎక్కువ వెడల్పు పట్టే) కెమెరాతో ఫొటో తీశాను. 1713లో కట్టిన కోట, ఫొటోలో విల్లులా వంగింది.

ఫొటోలు సరిదిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్స్, డిస్టార్ట్స్ కింద లెన్స్ డిస్టార్షన్ తెరిచి మెయిన్ విలువ పెంచాను. గోడ ఇంకా ఉబ్బింది! ధన విలువ ఉబ్బిస్తుంది, రుణ విలువ లోపలికి లాగుతుంది. మైనస్ వైపు కొద్దికొద్దిగా జరిపితే గోడ తిన్నగా అయింది.

కానీ చివరన నిలబడ్డ పిన్ని ముఖం మరింత వెడల్పయింది. అసలే ఆవిడ తన ఫొటోల విషయంలో పట్టుదల మనిషి. కారణం తేలికే: వంగిన గీతలను సరిచేస్తే అంచుల్లోని బొమ్మ సాగుతుంది. గోడా, ముఖమూ రెండూ ఒకే ఫిల్టర్‌తో కుదరవు. అందుకని మెయిన్ విలువను సగానికి తగ్గించి, బొమ్మను బ్రష్‌తో నెట్టే వార్ప్ ట్రాన్స్‌ఫార్మ్‌లో పెద్ద బ్రష్, తక్కువ బలం పెట్టి, చెంపలను రెండు వైపుల నుంచీ మెల్లగా లోపలికి నెట్టాను. వెనక రాళ్ల వరుస కాస్త కదిలింది, అది ఎవరూ చూడరు.

ఫొటో చూసి పిన్ని, చీర రంగు బాగా రాలేదంది.