కండ కుళ్లే ఇన్ఫెక్షన్‌కు ఆక్సిజన్ ఛాంబర్: పేషెంట్ వెంట ఉన్నవాళ్లకు

హన్మకొండలో సర్జికల్ వార్డు నర్సుగా పనిచేస్తున్నాను. నాట్లు మొదలయ్యాయంటే మా దగ్గర కాళ్ల పేషెంట్లు పెరుగుతారు. ముల్లు గుచ్చుకుందంటారు, పార తగిలిందంటారు. కొందరికి షుగర్ ఉన్న సంగతి మా వార్డులోనే బయటపడుతుంది. ఎక్కువ మందికి మామూలుగా చీము పట్టడమే. అరుదుగా ఒకరికి మాత్రం చర్మం కింది పొరలు గంటల్లోనే కుళ్లిపోతాయి. డాక్టర్లు దాన్ని నెక్రోటైజింగ్ ఫాషియైటిస్ అంటారు. ఈ మధ్య వెంట వచ్చినవాళ్లు ఫోన్‌లో వీడియో చూపించి, "సిస్టర్, ఈ ఆక్సిజన్ డబ్బాల పండబెడితే కొయ్యకుండనే తగ్గుతదట గదా?" అంటున్నారు. తగ్గదు. ముందు కోయాల్సిందే.

ఈ జబ్బులో పైకి కనిపించే ఎరుపుకు, పేషెంట్ పడే నొప్పికి పొంతన ఉండదు. ఎరుపు కొంచెమే ఉంటుంది, మనిషి మాత్రం దుప్పటి తగిలినా అరుస్తాడు. జ్వరం, నీటి బొబ్బలు, నల్లబడటం, నొక్కితే చర్మం కింద కరకరలాడటం ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి పక్కన టైమ్ రాయండి, ఎంత వేగంగా పాకిందో సర్జన్‌కు తెలుస్తుంది. గీత గీసి ఇంట్లో కూర్చోమని కాదు, 108లో వస్తూ గీయండి. నొప్పి ఉన్నట్టుండి పోయి మొద్దుబారితే తగ్గిందనుకోవద్దు, అక్కడి నరాలు చచ్చిపోతుండొచ్చు. పసరు కట్టొద్దు, కాపడం పెట్టొద్దు, నొప్పి సూది వేయించుకుని తెల్లారేదాకా చూద్దాం అనొద్దు.

ఆపరేషన్‌లో కుళ్లినదంతా తీసేస్తారు, యాంటీబయాటిక్స్, సెలైన్లు నడుస్తాయి. సాధారణంగా 24 గంటల్లోపే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లి చూస్తారు. మొదటిసారి సరిగ్గా కోయలేదని గొడవ పడకండి, ఈ జబ్బుకు పద్ధతే అది.

ఇక ఛాంబర్. మామూలు గాలి పీడనానికి 2 నుంచి 3 రెట్ల పీడనంలో, 100 శాతం ఆక్సిజన్‌ను సుమారు గంటన్నర పీల్పిస్తారు. మొదట్లో రోజుకు రెండుసార్లు కూడా పెడతారు. రక్తంలో ఆక్సిజన్ బాగా కరిగి, గాలి లేనిచోట పెరిగే క్రిములకు అడ్డుపడుతుంది, తెల్లరక్తకణాలకు బలమిస్తుంది. ఇది సిద్ధాంతం. 2014లో అమెరికా ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం మార్గదర్శకాల్లో, ఇలాగే కండ కుళ్లే గ్యాస్ గ్యాంగ్రీన్ అనే జబ్బుకు దీన్ని సిఫారసు చేయలేదు, లాభం రుజువు కాలేదనీ, దీనివల్ల ఆపరేషన్ ఆలస్యం కావచ్చనీ అన్నారు. అందుకే నేను అడిగినవాళ్లకు చెప్పేది ఒకటే: ఆపరేషన్ జరిగిన హాస్పిటల్‌లోనే ఛాంబర్ ఉంటే సర్జన్‌ను అడగండి. కోయకముందే పేషెంట్‌ను హైదరాబాద్ దాకా దాదాపు 150 కిలోమీటర్లు మోసుకుపోవద్దు. కోసిన తర్వాతైనా బీపీ నిలకడగా ఉందా, అక్కడ ఐసీయూ ఉందా, వెంటిలేటర్ మీదున్న మనిషిని ఛాంబర్‌లో పెట్టగలరా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అందం కోసం, అలసట కోసం నడిపే గాలి సంచి లాంటి మెత్తటి ఛాంబర్లు ఈ జబ్బుకు పనికిరావు.

లోపలికి పంపేముందు మాకు ఎక్కువ పని పెట్టేది కొబ్బరినూనె. అత్త ఐసీయూలో ఉన్నా సరే, కోడలు సందు దొరికితే తలకు నూనె రాసి జడ వేస్తుంది. ప్రేమే, కానీ నిండా ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు, నూనె భగ్గుమంటుంది. తలస్నానం చేయించే స్థితి లేకపోతే సిబ్బందికి చెప్పండి, వాళ్లే చూసుకుంటారు. బామ్, వాజలీన్, సెంటు వద్దు. పాలిస్టర్ చీర, నైలాన్ లుంగీ వద్దు, వాళ్లిచ్చే నూలు బట్టలే వేయాలి. ఫోన్, అగ్గిపెట్టె, వాచ్, వినికిడి మిషన్ బయటే ఉండాలి. కట్టుకున్న తాయెత్తును కూడా చూపించి అడగండి.

పీడనం పెరిగేటప్పుడు విమానంలో లాగా చెవులు దిబ్బడేస్తాయి. గుటక వేయాలి, లేదా ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి. నొప్పి పుడితే ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి, లేకపోతే కర్ణభేరి దెబ్బతింటుంది. జలుబు, ఫిట్స్, పాత టీబీ, క్యాన్సర్ మందులు ఏమున్నా దాచొద్దు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఉంటే, దాన్ని తీసేదాకా ఛాంబర్‌లోకి పంపకూడదు, అందుకే ఛాతీ ఎక్స్‌రే అడుగుతారు. షుగర్ పేషెంట్లకు లోపల షుగర్ పడిపోవచ్చు, ప్రతిసారీ ముందు చెక్ చేయించండి.

ఖర్చు ఒక్కో సెషన్‌కు లెక్కేస్తారా, మొత్తానికా అని ముందే రాయించుకోండి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ జరుగుతుంటే, ఛాంబర్ కూడా అందులో వస్తుందో లేదో ఆరోగ్యమిత్రను అడిగాకే సంతకం పెట్టండి.