టార్గెట్ బరువుకు వచ్చారా? తర్వాతి ఆరు నెలలు ఈ జాగ్రత్తలు తీసుకోండి

వేయింగ్ మెషీన్ మీద మీరు కోరుకున్న అంకె కనిపించింది. ఇంట్లోవాళ్లు "సన్నబడ్డావుగా, ఇంకా ఎందుకీ తిప్పలు? కడుపునిండా తిను" అంటారు. మనసూ అదే అంటుంది. తగ్గుతున్నన్నాళ్లూ వారం వారం కదిలే అంకే హుషారు ఇచ్చేది. ఇప్పుడది కదలకుండా ఉండటమే పని, దానికి ఎవరూ శభాష్ అనరు. చాలామంది పట్టు తప్పేది ఇక్కడే. పైగా దసరా ముందు టార్గెట్ చేరారంటే దీపావళి, కార్తీక వనభోజనాలు, పెళ్లిళ్లు, సంక్రాంతి వరసపెట్టి వస్తాయి.

ముందు ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలి. అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్ బృందం వేసిన లెక్క ఇది: తగ్గిన ప్రతి కిలోకూ ఒళ్లు రోజుకు 20 నుంచి 30 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తుంది, ఆకలి మాత్రం సుమారు 100 కేలరీల మేర పెరుగుతుంది. 75 నుంచి 65 కిలోలకు వచ్చినవాళ్లకు లెక్కేయండి. ఖర్చు 200–300 తగ్గింది, ఆకలి వెయ్యి పెరిగింది. 2011లో వచ్చిన మరో అధ్యయనంలో, బరువు తగ్గి ఏడాది గడిచినా ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. కాబట్టి రాత్రి పదింటికి డబ్బాలవైపు చెయ్యి వెళ్తోందంటే మీకు మనోనిబ్బరం లేదని తిట్టుకోకండి. కానీ "మళ్లీ మామూలుగా తిందాం" అన్న ఆలోచన మాత్రం మానుకోండి. ఆ మామూలు తిండి 75 కిలోల మనిషిది.

తిండి గరిటె చొప్పున పెంచండి

తగ్గడానికి తిన్నంత తక్కువ ఇక తినక్కర్లేదు. అలాగని ఒక్కసారిగా వదిలేయకూడదు. రోజు తిండికి 100–150 కేలరీలు కలిపి, ఒకటి రెండు వారాలు బరువు చూసి, నిలకడగా ఉంటేనే మరో 100 కలపండి. గరిటెడు అన్నం, అంటే వండాక 100 గ్రాములు, సుమారు 130 కేలరీలు. రెండు కోడిగుడ్లు 150. గుప్పెడు వేరుశనగలు, 25 గ్రాములు, దాదాపు 140. ఈ మూడూ ఒకేరోజు మొదలుపెడితే 400 దాటిపోతుంది, ఏది ఎక్కువైందో కూడా తెలియదు.

నన్నడిగితే ముందు పొద్దున టిఫిన్‌కు గుడ్డో, పెసరట్టో కలపమంటాను. తర్వాత మధ్యాహ్నం అన్నం. నూనె, నెయ్యి అన్నిటికన్నా చివర. పెద్ద చెంచాడు నూనె 130 కేలరీల దాకా ఉంటుంది. తాలింపులో చేతివాటంగా పోసేది రెండు చెంచాలో మూడో ఎవరు చూస్తారు? రోజూ కొలవడం విసుగు అనిపిస్తే నెలకు ఇంట్లో ఎన్ని నూనె ప్యాకెట్లు ఖర్చవుతున్నాయో రాసుకోండి. ఆ సంఖ్య పెరిగితే కారణం వెతకండి.

అన్నం పూర్తిగా మానేసి తగ్గినవాళ్లకు ఒక హెచ్చరిక. మన దగ్గర అలాంటి డైట్లు ఊరూరా నడిచాయి కదా. మళ్లీ అన్నం మొదలుపెట్టిన వారంలోనే కిలో, కిలోన్నర పెరగొచ్చు. అది కొవ్వు కాదు. పిండిపదార్థం ఒంట్లో గ్లైకోజెన్‌గా నిల్వ అవుతుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆవకాయ కలుపుకుని తిన్న మర్నాడు ఉప్పువల్ల కూడా ఇలాగే నీరు చేరుతుంది. కిలో కొవ్వు పేరుకోవాలంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి, ఒక్క భోజనంతో అది జరగదు. టెన్షన్ పడి మళ్లీ ఉపవాసాలకు దిగకండి.

ఒక గీత గీసుకోండి

టార్గెట్‌ను ఒక్క అంకెగా చూడొద్దు, అటూ ఇటూ కిలో వదలండి. పొద్దున లేచి బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసుకోండి. రోజువారీ అంకెతో పని లేదు, వారం సగటు చాలు. నెలసరి ముందు ఆడవాళ్లకు కాస్త పెరగడం మామూలే.

2006లో అమెరికాలో బరువు తగ్గిన 314 మందితో చేసిన అధ్యయనంలో ట్రాఫిక్ లైట్ రంగులు వాడారు: టార్గెట్ దగ్గరలో ఉంటే ఆకుపచ్చ, ఒకటిన్నర కిలో దాటితే పసుపు, 2.3 కిలోలు దాటితే ఎరుపు. ఎరుపులో పడితే మళ్లీ తగ్గించే పద్ధతి మొదలుపెట్టాలి. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. ఎందుకంటే రెండు కిలోలు దించడం రెండు మూడు వారాల పని, ఎనిమిది పెరిగాక మళ్లీ ఆరునెలల వ్రతం.

మెషీన్ లేకపోతే బట్టలే కొలత. నైటీలు, లుంగీలు, ఎలాస్టిక్ ప్యాంట్లు ఎప్పటికీ నిజం చెప్పవు. జాకెట్టు చెబుతుంది. టైలర్లు పక్కల్లో బట్ట వదిలి రెండు మూడు వరసల కుట్లు వేస్తారు. బిగువైందని ఒక వరస విప్పేముందు ఒక్క క్షణం ఆగి బరువు చూసుకోండి. పాత సైజు బట్టలు "ఎందుకైనా మంచిది" అని బీరువాలో దాచొద్దు.

పెళ్లిళ్లు, పండగలు, చుట్టాలు

"ఏంటి ఇలా చిక్కిపోయావు, షుగరా?" అని కనీసం ముగ్గురైనా అడుగుతారు. అడిగినవాళ్లే బంతిలో కొసరి కొసరి వడ్డిస్తారు. "డైట్‌లో ఉన్నాను" అంటే వదలరు, "డాక్టర్ వద్దన్నారు" అంటే పెరుగన్నం దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తారు. ఆకలితో పెళ్లికి వెళ్లకండి, ఇంట్లో ఒక గ్లాసు మజ్జిగో, రెండు గుడ్లో తీసుకుని బయల్దేరండి.

పండగరోజు బొబ్బట్టు తినండి, అపరాధభావం అక్కర్లేదు. అసలు ఇబ్బంది కనుమ తర్వాత డబ్బాల్లో మిగిలే అరిసెలు, సకినాలతోనే. టీతో ఒకటి, సీరియల్ చూస్తూ ఒకటి అంటూ నెలాఖరు దాకా నడుస్తాయి. వండే కొలతే తగ్గించండి, మిగిలినవి రెండోరోజే పంచేయండి.

వ్యాయామం ఆపొద్దు. తగ్గడంలో తిండి ఎక్కువ పని చేస్తుంది, నిలబెట్టడంలో నడక ఎక్కువ పని చేస్తుంది. తగ్గిన బరువును ఏళ్లతరబడి నిలబెట్టుకున్నవాళ్ల వివరాల కోసం 1994లో మొదలైన అమెరికా రిజిస్ట్రీలో ఎక్కువమంది రోజుకు దాదాపు గంట ఏదో ఒక కసరత్తు చేస్తున్నట్టు తేలింది. వారంలో రెండు రోజులు బరువులో, గుంజీళ్లో కలపండి, కండ కరగకుండా ఉంటుంది.

డాక్టర్‌తో మాట్లాడాల్సినవి

షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు తగ్గేటప్పుడు డోసు తగ్గించి ఉంటారు. ఇప్పుడు అన్నం పెంచుతుంటే షుగర్ మళ్లీ మారుతుంది. సొంతంగా మాత్రలు ఆపడం, పాతవి తీసి మొదలుపెట్టడం రెండూ వద్దు. ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసి ఆ అంకెలు డాక్టర్‌కు చూపించండి.

ఆకలి తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌తో తగ్గినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఆకలి గట్టిగా తిరిగొస్తుంది. దాన్ని ఆపేసినవాళ్లను గమనించిన ఒక ట్రయల్‌లో ఏడాదిలోనే తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు వెనక్కి వచ్చింది. ఎప్పుడు, ఎలా ఆపాలో, అసలు ఆపాలో వద్దో రాసిచ్చిన డాక్టర్‌నే అడగండి.

తగ్గడం ఆపలేకపోవడం కూడా ప్రమాదమే. టార్గెట్ దాటి ఇంకా కిందికి పోతుంటే, నెలసరి ఆగిపోతే, లేవగానే కళ్లు తిరుగుతుంటే, తిన్నది కక్కేయాలనిపిస్తుంటే, ముద్ద ముట్టాలంటే భయం వేస్తుంటే ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఎవరిలోనైనా ఇవి గమనిస్తే మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లండి.