సర్టిఫికేషన్‌కి డబ్బు కట్టే ముందు: రాయగడ, గుణుపురం, బరంపురం పిల్లలకి

డిగ్రీ చేతికొచ్చాక మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు పిల్లలు చాలామంది చేసేది ఒకటే. రైలెక్కి విశాఖో, ఇంకాస్త ధైర్యముంటే హైదరాబాదు అమీర్‌పేటకో వెళ్లి కంప్యూటర్, నెట్‌వర్కింగ్ కోర్సులో చేరిపోతారు. కోర్సు ఫీజు, హాస్టలు, పరీక్ష డబ్బులు కలిపి ఇంట్లోవాళ్లకి చేతి చమురు బాగానే వదులుతుంది. తీరా ఇంటర్వ్యూలో "ఇదివరకు ఎక్కడ చేశారు?" అనగానే నోట మాట రాదు. నేను చెప్పేది వరస మార్చమని. ముందు మన ఊళ్లోనే ఓ ఏడాది చేత్తో పని చేయండి, ఆ పనిని కాగితం మీద పెట్టండి, ఆ తర్వాత ఒకే ఒక్క సర్టిఫికేషన్‌కి డబ్బు కట్టండి.

సర్టిఫికెట్లు దండగ అని కాదు. రెజ్యూమేలు వడబోసే హెచ్‌ఆర్‌కి నెట్‌వర్కింగ్ తెలియక్కర్లేదు, ప్రకటనలో సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) అని ఉంటే ఆ మాట ఉన్నవాళ్లనే పక్కకు తీస్తారు. పైగా సిస్కో, మైక్రోసాఫ్ట్‌లకి పార్ట్‌నర్లుగా ఉన్న కంపెనీలు ఆ హోదా నిలబెట్టుకోవాలంటే సర్టిఫైడ్ మనుషుల్ని చూపించాలి, కాబట్టి అక్కడ ఆ కాగితానికి నిజంగానే గిరాకీ ఉంది. కానీ అది గుమ్మం దాటించేవరకే. లోపల కూర్చున్న టెక్నికల్ మనిషి రెండో ప్రశ్నకే పనిలోకి దిగిపోతాడు.

ఉదాహరణకి మన వైపు ఏదో ప్రైవేటు స్కూలు ఆఫీసు అనుకోండి. పొద్దున సగం సిస్టమ్‌లకి నెట్ వస్తుంది, సగానికి రాదు. మధ్యాహ్నానికి వచ్చేవి పోయి, రానివి వస్తాయి. హెడ్ క్లర్కు గారు "ఆ ఫైబర్ వాళ్లకి ఫోన్ చెయ్యి బాబూ" అంటారు. మీరు ఫోన్ చేయకుండా, నెట్ రాని సిస్టమ్‌లో ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టి చూస్తే గేట్‌వే (నెట్‌కి దారి చూపే రౌటర్ అడ్రసు) 192.168.0.1 అని కనిపిస్తుంది, వచ్చేదాంట్లో 192.168.1.1. అంటే సిస్టమ్‌లకి ఐపీలు (నెట్‌వర్క్‌లో అడ్రసు నంబర్లు) పంచే పెట్టెలు రెండున్నాయన్నమాట. ఎవరో మాస్టారు స్టాఫ్ రూములో వైఫై కోసం ఇంట్లోంచి పాత రౌటర్ తెచ్చి, వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చే చోటు) పెట్టాల్సిన కేబుల్‌ని లాన్ పోర్టులో (లోపలి సిస్టమ్‌లకి ఇచ్చే చోటు) గుచ్చేశారు. దాంతో అదీ స్కూల్లో సిస్టమ్‌లకి ఐపీలు పంచడం మొదలెట్టింది. సీసీఎన్‌ఏ సిలబస్‌లో దీనికి మందు ఉంది, డీహెచ్‌సీపీ స్నూపింగ్ అంటారు (ఐపీలు పంచే పద్ధతి పేరు డీహెచ్‌సీపీ, దొంగ పంపకాన్ని స్విచ్‌లోనే ఆపే సెట్టింగు ఇది). కానీ ఆ స్కూల్లో ఉన్నది ఎనిమిది పోర్టుల చవక స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె), అందులో ఆ సెట్టింగే ఉండదు, అలాంటి సెట్టింగులుండేదాన్ని మేనేజ్డ్ స్విచ్ అంటారు. అప్పుడు నెట్ రాని సిస్టమ్ నుంచి 192.168.0.1కి ఆగకుండా పింగ్ (అవతలి పెట్టె పలుకుతోందా అని చూసే కమాండ్) పెట్టి, స్విచ్ దగ్గర కేబుళ్లు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏది పీకితే పింగ్ ఆగిందో ఆ కేబుల్ వెంట నడిస్తే, తీగ లాగితే డొంక కదిలినట్టు, స్టాఫ్ రూములో బీరువా వెనక రౌటర్ దొరుకుతుంది. కేబుల్ వాన్ పోర్టులోకి మార్చేస్తే సరి.

చదువుకున్నవాడికి జబ్బు పేరు తెలుస్తుంది, చేసినవాడికి బీరువా వెనక చూడాలని తెలుస్తుంది. రెండూ ఉన్నవాడికే జీతం.

సరే, పని ఎక్కడ దొరుకుతుంది? కంప్యూటర్ సేల్స్ అండ్ సర్వీస్ షాపు, సీసీటీవీ బిగించేవాళ్లు, లోకల్ ఫైబర్ ఆపరేటర్, నర్సింగ్ హోమ్ బిల్లింగ్, స్కూల్ ల్యాబ్. వానాకాలం పిడుగులకి లాన్ పోర్టులు, అడాప్టర్లు కాలిపోయే ఊళ్లు మనవి, కాబట్టి జూన్ నుంచి పనికి కొదవ ఉండదు. అమ్మాయిల్ని నిచ్చెనెక్కే పనికి ఇంట్లో పంపరంటే (అది వేరే గొడవ) ల్యాబ్ అసిస్టెంటు, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ లాంటివి చూసుకోవచ్చు. 2016లో మొదలైన నేషనల్ అప్రెంటిస్‌షిప్ ప్రమోషన్ స్కీమ్ కింద ఖాళీలుంటే అదీ వదలొద్దు, స్టైపెండుతో పాటు కాగితం వస్తుంది. షాపులో మొదటి నెలలు ప్రింటర్ కార్ట్రిడ్జిలు నింపడమే సరిపోతుంది, విసుక్కోకండి.

జీతం ఎంత తక్కువైనా బ్యాంకు ఖాతాలోనే వేయమనండి. వదిలేటప్పుడు లెటర్‌హెడ్ మీద తేదీలతో ఒక ఉత్తరం అడగండి. ఈ రెండూ ఉంటే రేపు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి (పాత ఉద్యోగం నిజమా కాదా అని కంపెనీ చేసే తనిఖీ) టెన్షన్ ఉండదు. డబ్బులు తీసుకుని దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఇచ్చే కన్సల్టెన్సీల జోలికి మాత్రం పోవద్దు, పెద్ద కంపెనీలు పీఎఫ్ రికార్డు చూస్తే అక్కడే దొరికిపోతారు.

రోజూ ఒక నోట్‌బుక్ రాయండి: కంప్లయింట్ ఏంటి, ఏం చూశారు, ఏం మార్చారు. కస్టమర్ల పాస్‌వర్డులు అందులో ఎక్కించకండి. రెజ్యూమేలో "నెట్‌వర్క్ ట్రబుల్‌షూటింగ్ తెలుసు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. "మేనేజ్డ్ స్విచ్ లేని ఆఫీసులో రెండో డీహెచ్‌సీపీ సర్వరుని కనిపెట్టి తీసేశాను" అని రాయండి, ఇంటర్వ్యూ దాని చుట్టూనే తిరుగుతుంది. భాషల దగ్గర తెలుగు, ఒడియా, హిందీ మూడూ రాయండి. బ్యాంకు బ్రాంచీలకి ఫీల్డ్ ఇంజినీర్లని పంపే విశాఖ, భువనేశ్వర్ కంపెనీలకి రెండు వైపులా మాట్లాడగలిగే మనిషి దొరకడం కష్టం.

ఇక పరీక్ష. చేస్తున్న పనికి దగ్గర్లో ఉన్నదే ఎంచుకోండి. కేబుళ్లు, రౌటర్లు చూస్తున్నవాళ్లకి సీసీఎన్‌ఏ, సర్వర్లు ముట్టుకుంటున్నవాళ్లకి రెడ్ హ్యాట్ కంపెనీ లినక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ. నా ఓటు రెండోదానికే, ఎందుకంటే అందులో ఆప్షన్లు టిక్కు పెట్టేది ఉండదు, మిషన్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి, 300కి 210 రావాలి. కంప్యూటర్ సెక్యూరిటీలో పెద్ద పేరున్న సీఐఎస్‌ఎస్‌పీ సర్టిఫికెట్ అయితే పరీక్ష పాసైనా ఐదేళ్ల అనుభవం చూపించనిదే పూర్తి హోదా ఇవ్వదు, కంప్యూటర్ లేదా దానికి సంబంధించిన డిగ్రీ ఉంటే ఒక ఏడాది తగ్గిస్తారంతే.

తొందరపడొద్దనడానికి ఇంకో కారణం గడువు. సీసీఎన్‌ఏ ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం, అంటే పాతిక వేలు దాటిపోతుంది, చెల్లేది మూడేళ్లు. అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) సర్టిఫికెట్లవీ మూడేళ్లే. ఫైనల్ ఇయర్‌లో రాసేసి రెండేళ్లకి ఉద్యోగం తెచ్చుకుంటే మిగిలేది ఒక్క ఏడాది. క్యాంపస్‌లో ఆఫర్ వచ్చి కంపెనీయే ఫలానాది చేయమంటే సంగతి వేరు, వెంటనే రాసేయండి.

ప్రాక్టీసుకి ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్ మీదే నకిలీ నెట్‌వర్క్ కట్టి చూసేది), వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ నడిపేది) రెండూ ఉచితమే. క్లౌడ్ (నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్లు) అకౌంటు తెరిస్తే మొట్టమొదట బడ్జెట్ అలర్ట్ (బిల్లు హద్దు దాటితే హెచ్చరించేది) పెట్టి, తర్వాతే వేరే బటన్ నొక్కండి. డంపులు (బయటికొచ్చిన అసలు పరీక్ష ప్రశ్నలు) బట్టీ పట్టి పాసవ్వడం అసలొద్దు. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు, మళ్లీ రాయకుండా నిషేధం కూడా పెడతారు.

పరీక్ష ఇంట్లోంచి రాసే వీలుంది కానీ మన కరెంటుని నమ్ముకోవద్దు, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో సెంటరు చూసుకోండి. బుక్ చేసేటప్పుడు పేరు మీ గుర్తింపు కార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి. మనలో చాలామందికి ఒడిశా స్కూలు రికార్డులో ఇంటిపేరు చివర్న ఉంటుంది, ఇంకో కార్డులో ముందుంటుంది, స్పెల్లింగూ రెండు రకాలు. తేడా ఉంటే సెంటరు దగ్గర లోపలికి రానివ్వరు, కట్టిన ఫీజు కూడా పోవచ్చు. ఆ కార్డు సరిచేయించుకున్నాకే డబ్బు కట్టండి.